డేవిడ్ కాపర్‌ఫీల్డ్‌ను నెలవారీ భాగాలుగా చదవాలంటే ఎక్కడెక్కడ ఆగాలి?

గోదారిగట్టు (ప్రశ్న):

చార్లెస్ డికెన్స్ నవలలు ముందు పుస్తకాలుగా కాకుండా నెలనెలా విడి భాగాలుగా వచ్చాయి కదా. డేవిడ్ కాపర్‌ఫీల్డ్‌ను అలాగే, 1849లో పాఠకులు ఆగిన చోటల్లా ఆగుతూ చదవాలనుకుంటున్నాం. ముగ్గురం ఉన్నాం, వారానికి ఒక భాగం. చేతిలో ఉన్నది ప్రాజెక్ట్ గుటెన్‌బర్గ్ ఈ-బుక్. అందులో 64 అధ్యాయాలు వరసగా ఉన్నాయి గానీ ఏ నెల ఎక్కడ ముగిసిందో లేదు.

నా సందేహాలు ఇవి. అధ్యాయాలను ఎలా విడగొట్టాలి? మాటకు ఇంతని డబ్బులిచ్చేవారు కాబట్టే ఆయన అంత సాగదీసి రాశాడంటారు, అది నిజమేనా? ఈ నవల ఆయన సొంత కథేనంటారు, ఎంతవరకు? ఇంకొకటి, ఒకే మాటను పాత్రలు వందసార్లు అంటాయి, స్కూల్లో నాన్-డిటైల్డ్‌గా చదివినప్పుడు అది కనిపించలేదు. దానికేమైనా కారణం ఉందా?

అచ్చుతప్పు:

విభజన ముందు ఇచ్చేస్తాను, రాసి పెట్టుకోండి. మొత్తం 20 భాగాలు, కానీ 19 నెలలే. చివరి రెండూ కలిపి ఒకేసారి వచ్చాయి.

1849 మేలో 1 నుంచి 3 అధ్యాయాలు. జూన్ 4–6, జులై 7–9, ఆగస్టు 10–12, సెప్టెంబరు 13–15, అక్టోబరు 16–18, నవంబరు 19–21, డిసెంబరు 22–24. 1850 జనవరి 25–27, ఫిబ్రవరి 28–31 (ఇక్కడ నాలుగు), మార్చి 32–34, ఏప్రిల్ 35–37, మే 38–40, జూన్ 41–43, జులై 44–46, ఆగస్టు 47–50, సెప్టెంబరు 51–53, అక్టోబరు 54–57. నవంబరులో జంట భాగం, 58 నుంచి 64 దాకా.

భాగానికి సుమారు 18,000 ఇంగ్లిషు మాటలు పడతాయి. ఇంగ్లిషు నవలలు అలవాటున్నవాళ్ళకు రెండు రెండున్నర గంటల పని. వారానికి ఒకటంటే హాయిగా సాగుతుంది. ఆఖరి వారం మాత్రం దాదాపు ఒకటిన్నర రెట్లు అని గుర్తుంచుకోండి.

ఇక భాగమంటే ఏమిటో తెలిస్తే మీ మిగతా ప్రశ్నల్లో సగానికి జవాబు దొరుకుతుంది. ఒక్కో భాగం సరిగ్గా 32 అచ్చు పేజీలు. మన ప్రెస్సువాళ్ళ లెక్కలో 16 పేజీల ఫారాలు రెండు. ముందు రెండు బొమ్మలు, అటూ ఇటూ ప్రకటనల పేజీలు, పైన ఆకుపచ్చ కాగితపు అట్ట. వెల ఒక షిల్లింగు. అప్పట్లో కొత్త నవల మూడు సంపుటాలుగా కొంటే 31 షిల్లింగుల 6 పెన్నీలు. ఇక్కడ మొత్తం కలిపినా 20 షిల్లింగులే, పైగా ఏడాదిన్నర పైచిలుకు కాలంలో నెలకొకటి చొప్పున. గుమస్తా కూడా కొనగలిగాడంటే అందుకే.

పేజీలు పెరగడానికి వీల్లేదు, తగ్గడానికీ వీల్లేదు. డికెన్స్ రాతప్రతి లెక్క ఆయన చేత్తోనే రాసుకున్నది మిగిలి ఉంది. తన రాతలో 15 పేజీలు అచ్చులో 16 పేజీల ఒక ఫారం అవుతాయి. అంటే నెలకు దాదాపు 30 కాగితాలు. అచ్చుకు వెళ్ళాక ఎక్కువైతే ప్రూఫుల్లో కోసేవాడు, ముందుగా హాస్యం మీద కత్తి పడేది. తక్కువైతే ప్రెస్సు వాకిట్లో కూర్చున్నంత హడావుడిగా కొత్త పేరాలు రాసివ్వాలి. మంచి నోట్సున్న ప్రతుల్లో ఇలా ప్రూఫులో కొట్టేసిన ముక్కలను వెనక ఇస్తారు, చూడండి. కథకు అక్కర్లేదని కాదు, చోటు లేక పోయినవి.

అంచనా తప్పిన సందర్భాలు ఆయన చివరి రోజుల్లోనే ఎక్కువ. అవర్ మ్యూచువల్ ఫ్రెండ్ నవల 16వ భాగం రెండున్నర పేజీలు తక్కువైంది. తొలి నవల పిక్‌విక్ తర్వాత ఇలా ఎప్పుడూ జరగలేదని ఆప్తమిత్రుడు ఫోర్‌స్టర్‌కు రాస్తూ తనే ఆశ్చర్యపోయాడు. అది 1865 జూన్ 9న స్టేపుల్‌హర్స్ట్ దగ్గర రైలు ప్రమాదంలో పడి బయటపడిన భాగం. వంతెన మీద వేలాడుతున్న పెట్టెలోకి మళ్ళీ ఎక్కి ఆ రాతప్రతిని తెచ్చుకున్నాడు. ఆ తర్వాత ఆఖరి నవల ఎడ్విన్ డ్రూడ్ మొదటి రెండు భాగాలూ కలిపి 12 అచ్చు పేజీలు తక్కువని ప్రెస్సువాళ్ళు చెప్పారు. అప్పుడు రెండో భాగంలోని అధ్యాయాన్ని మొదటిదానికి జరిపి, రెండోదాన్ని మొత్తం తిరిగి కట్టాల్సి వచ్చింది. పాతికేళ్ళుగా చేతికి పట్టుబడిన కొలత అది. అది తప్పడం మొదలైందంటే మనిషి ఎంత అలసిపోయాడో తెలుస్తుంది. ఆరో భాగం రాసి 1870 జూన్ 9న పోయాడు, ప్రమాదం జరిగిన తేదీకి సరిగ్గా అయిదేళ్ళకు. 12 భాగాలకు ఒప్పుకున్న నవల సగంలో ఆగిపోయింది.

లైబ్రరీమెట్లు:

మాటకు ఇంత అని కట్టేది టెలిగ్రాముకు, డికెన్స్‌కు కాదు.

1836లో పిక్‌విక్ మొదలైనప్పుడు ప్రచురణకర్తలు ఛాప్‌మన్ అండ్ హాల్ వాళ్ళు ఫారానికి 9 గినీల చొప్పున, నెలకు ఫారమున్నర చొప్పున మాట్లాడుకున్నారు. గినీ అంటే 21 షిల్లింగులు. లెక్కేస్తే నెలకు 14 పౌన్ల 3 షిల్లింగుల 6 పెన్నీలు. అది కూడా పేజీల లెక్కే, ఆ పేజీలూ ముందే ఖాయం. మొదట అనుకున్నది భాగానికి 24 పేజీలు, నాలుగు బొమ్మలు. బొమ్మలు వేస్తున్న రాబర్ట్ సీమూర్ ఆ ఏప్రిల్‌లో ఆత్మహత్య చేసుకున్నాక మూడో భాగం నుంచి 32 పేజీలు, రెండు బొమ్మలు అనే కొలత స్థిరపడింది. తర్వాత అన్ని నెలవారీ నవలలకూ అదే కొలత.

కాపర్‌ఫీల్డ్ నాటికి ఆ పద్ధతి కూడా లేదు. 1844లో కొత్త ప్రచురణకర్తలు బ్రాడ్‌బరీ అండ్ ఎవాన్స్‌తో చేసుకున్న ఒప్పందంలో 2,800 పౌన్ల అడ్వాన్సు తీసుకుని, ఎనిమిదేళ్ళపాటు తను రాసేవాటిలో నాలుగో వంతు వాటా వాళ్ళకు రాసిచ్చాడు. అంటే ఎన్ని ప్రతులు అమ్మితే అంత ఆదాయం. ఒక వాక్యాన్ని రెండు చేస్తే ఒక్క పెన్నీ రాదు, పైగా ప్రూఫులో తనే కొట్టేసుకోవాలి.

సాగదీసినట్టు అనిపిస్తే దానికి కారణం డబ్బు కాదు, నెల. అది వేరేవాళ్ళు చెప్తారేమో.

పాతపుస్తకాలబీరువా:

పాత్రలు ఒకే మాట వందసార్లు ఎందుకంటాయని అడిగారు. మీ విభజనతో చదివితే మూడో వారానికే తెలిసిపోతుంది.

బార్కిస్ గుర్రబ్బండి తోలుతూ డేవిడ్ ఇంటి పనిమనిషి పెగొటీకి కబురు పంపేది 5వ అధ్యాయంలో, అంటే జూన్ భాగం. ‘బార్కిస్‌కు ఇష్టమే’ అన్నది ఆ కబురు. అతను పోయేది 30వ అధ్యాయంలో, ఫిబ్రవరి భాగంలో, సముద్రం ఆటు తీస్తుండగా. మధ్యలో ఎనిమిది నెలలు. ఈలోపు పాఠకుడు నాలుగు వేరే సీరియళ్ళు చదివి ఉంటాడు. పేరు చెప్తే గుర్తురాదు, ఆ మాట అంటే మనిషి కళ్ళముందు నిలబడతాడు. పోయేముందు బార్కిస్ చివరిసారి అదే మాట అంటాడు, అక్కడ అది గుర్తుపట్టే చీటీ స్థాయి దాటిపోతుంది. యురయా హీప్‌కు ‘అణకువ’, మిసెస్ మికాబర్‌కు ‘మిస్టర్ మికాబర్‌ని ఎన్నటికీ విడిచిపెట్టను’, మిస్టర్ మికాబర్‌కు ‘ఏదో ఒకటి తగలకపోదు’. ఒక్క ఊపున నాలుగు రోజుల్లో చదివేవాళ్ళకు ఇవి గంటకోసారి కొట్టే గోడగడియారంలా విసుగు పుట్టిస్తాయి. తప్పు గడియారానిది కాదు. మన వారపత్రికల సీరియళ్ళలో ‘జరిగిన కథ’ అని పైన నాలుగు ముక్కలు వేసేవారు చూడండి, డికెన్స్ ఆ పనిని పాత్రల నోటితోనే చేయించాడు.

భాగాల చివర్లు కూడా గమనించండి. మొదటి భాగం అయ్యేది 3వ అధ్యాయంతో. డేవిడ్ యార్మత్‌లో పడవ ఇంట్లో రెండు వారాలు గడిపి ఇంటికొస్తాడు. అమ్మ మర్డ్‌స్టన్‌ను పెళ్ళిచేసుకుంది. కొత్త నాన్న ముందు నిలబెడతారు, అమ్మ భయంభయంగా ముద్దుపెడుతుంది. పిల్లవాడు పెరట్లోకి జారుకుంటాడు. మొదటి అధ్యాయాల్లో అక్కడ ఖాళీ కుక్కగూడు ఉంటుంది, గుర్తుపెట్టుకోండి. ఇప్పుడది ఖాళీగా లేదు. మర్డ్‌స్టన్ లాగే నల్లటి వెంట్రుకల పెద్ద కుక్క ఒకటి అందులోంచి డేవిడ్ మీదికి ఎగబడుతుంది. భాగం అక్కడ ఆగింది. ‘సశేషం’ అని వేయకపోయినా నెల రోజులు ఆ కుక్క పాఠకుడి మీదికి దూకుతూనే ఉంటుంది. మామూలు పుస్తకంలో పేజీ తిప్పి 4వ అధ్యాయంలోకి వెళ్ళిపోతాం, కుక్క సంగతి మరుపున పడిపోతుంది.

అయిదో భాగం చివర (15వ అధ్యాయం) ఇంకా సున్నితంగా ఉంటుంది. డేవిడ్ కొత్తగా లాయరు విక్‌ఫీల్డ్ ఇంట్లో చేరాడు, అంతా సుఖంగానే ఉంది. పడుకునే ముందు అక్కడి గుమస్తా యురయాకు చెయ్యిస్తాడు. ఆ చల్లటి తడి చెయ్యి తగిలిన చోటు రుద్దుకుంటూ గదికి వెళ్ళి, కిటికీలోంచి చూస్తే దూలం కొసన చెక్కిన ముఖమొకటి యురయాలా కనబడి గబుక్కున కిటికీ మూసేస్తాడు. జరిగిందేమీ లేదు, అయినా వచ్చే నెల దాకా అది వదలదు.

అన్ని భాగాలూ ఇలా ఉత్కంఠతో ఆగవు, అలా ఆశించకండి. ఫిబ్రవరి భాగాన్ని మాత్రం రెండుగా విడగొట్టొద్దు. 20 భాగాల్లో అది పదోది, సరిగ్గా సగం. బార్కిస్ చావు, ఎమిలీ స్టీర్‌ఫోర్త్‌తో వెళ్ళిపోవడం, పెద్ద పెగొటీ (పెగొటీ సోదరుడు) ఆమెను వెతకడానికి వెళ్తానని పట్టుబట్టడం అన్నీ అందులోనే పడ్డాయి. బ్లీక్ హౌస్ నవలలోనూ పదో భాగం చివరనే (32వ అధ్యాయం) క్రుక్ అనే పాత సామాన్ల వ్యాపారి తనంతట తను కాలిపోతాడు. నడిమధ్యన దూలం ఎత్తడం ఆయన పద్ధతి.

అచ్చుతప్పు:

పై జవాబుకు ఒక చేర్పు. నెల ఎడం వల్ల పాఠకులకు ఉత్తరం రాసే తీరిక ఉండేది, డికెన్స్‌కు కథ మార్చుకునే వీలుండేది. దీనికి కాపర్‌ఫీల్డ్‌లో స్పష్టమైన ఉదాహరణ మిస్ మౌచర్. డిసెంబరు భాగం 22వ అధ్యాయంలో ఆ పొట్టి ఆవిడ ఏదో కుట్రలో చెయ్యున్నదానిలా వస్తుంది. డికెన్స్ ఇంటి దగ్గరలోనే ఉండే, కాళ్ళకు వైద్యం చేసే ఒకావిడ అది తన రూపమేనని గుర్తుపట్టి, మనసు నొచ్చుకుని అదే నెలలో ఉత్తరం రాసింది. డికెన్స్ క్షమాపణ చెప్పి పాత్రను మారుస్తానని మాటిచ్చాడు. మార్చి భాగం 32వ అధ్యాయంలో మౌచర్ మంచిమనిషై తిరిగొస్తుంది. ఒక్క ఊపున చదివేవాళ్ళు ‘ఈ పాత్ర ఏమిటి ఇలా తిరగబడింది’ అనుకుంటారు. నిజం చెప్పాలంటే అతుకు కనబడుతూనే ఉంటుంది, డికెన్స్ అంతటివాడు కూడా దాన్ని మాయచేయలేకపోయాడు.

క్రుక్ కాలిపోయినప్పుడు కూడా జి. హెచ్. లూయిస్ అనే విమర్శకుడు అలా మనుషులు కాలిపోవడం శాస్త్రానికి విరుద్ధమని పత్రికలో ఉతికేశాడు. డికెన్స్ ఒప్పుకోలేదు. తర్వాతి భాగంలోనే, 33వ అధ్యాయంలో, పాత కేసుల పేర్లు గుప్పించి సమాధానమిచ్చాడు, ముందుమాటలో మళ్ళీ ఇచ్చాడు. శాస్త్రం ప్రకారం లూయిస్‌దే ఒప్పు. ఆ నేపథ్యం తెలియకపోతే 33వ అధ్యాయంలో ఆ జాబితా ఎందుకొచ్చిందో బోధపడదు.

బొమ్మల గురించి కూడా. ఫిజ్ అనే పేరుతో హాబ్లో నైట్ బ్రౌన్ వేశాడు, మొత్తం 40. పద్దెనిమిది నెలలకు రెండేసి, జంట భాగానికి నాలుగు. ఉక్కు ప్లేటు మీద యాసిడ్‌తో చెక్కి అచ్చు తీయాలి, దానికి రోజులు పడుతుంది. అందుకే రాత పూర్తికాకముందే ‘ఈ రెండు సన్నివేశాలు వెయ్యి’ అని డికెన్స్ కబురు పెట్టాలి. ఒక్కోసారి బొమ్మకూ రాతకూ చిన్న చిన్న తేడాలు వస్తాయంటే అదీ కారణం. ఇంకో సంగతి, ఆ రెండు బొమ్మలూ భాగంలో కథకు ముందే ఉండేవి. పాఠకుడు ముందు బొమ్మ చూసి, ‘వీళ్ళెవరు, ఏం జరగబోతోంది’ అనుకుంటూ చదవడం మొదలుపెట్టేవాడు. మీరూ ఆ వారం బొమ్మలు రెండూ ముందే చూసేయండి. కథ తెలిసిపోతుందని భయపడక్కర్లేదు, అప్పటివాళ్ళకూ అంతే తెలిసేది.

లైబ్రరీమెట్లు:

సొంత కథ ఎంతవరకు అన్నదానికి నేను చెప్తాను. ఇక్కడ ఎక్కువమంది పొరబడేది ఏమిటంటే నవల చదివి డికెన్స్ బాల్యం తెలిసిపోయిందనుకోవడం.

జరిగింది ఇది. తండ్రి జాన్ డికెన్స్ నౌకాదళపు జీతాల కచేరీలో గుమస్తా. రాబడి తక్కువ కాదు, చెయ్యి నిలవదు. 1824 ఫిబ్రవరిలో ఒక రొట్టెల వ్యాపారికి కట్టాల్సిన 40 పౌన్ల 10 షిల్లింగుల బాకీ మీద మార్షల్సీ అనే అప్పుల జైల్లో పెట్టారు. అప్పటికే 12 ఏళ్ళ చార్లెస్‌ను థేమ్స్ ఒడ్డున హంగర్‌ఫర్డ్ స్టెయిర్స్ దగ్గర వారెన్ బూటుపాలిష్ గిడ్డంగిలో పనికి పెట్టారు. పాలిష్ కుండల మూతికి ముందు నూనె కాగితం, పైన నీలి కాగితం వేసి, దారంతో బిగించి, అంచులు చుట్టూ సమంగా కత్తిరించి, లేబులు అంటించాలి. వారానికి ఆరు షిల్లింగులు. తండ్రి మే నెలలో విడుదలయ్యాడు, పిల్లవాడికి మాత్రం పని వెంటనే తప్పలేదు. తర్వాత గొడవొచ్చి తండ్రి మాన్పిస్తే, తల్లి మళ్ళీ పంపాలని పట్టుబట్టింది. దాన్ని ‘ఎన్నడూ మరవలేదు, మరవను, మరవలేను’ అని పెద్దయ్యాక రాసుకున్నాడు.

నవలలో ఇవన్నీ చోట్లు మారాయి. డేవిడ్‌కు 12 కాదు, పదేళ్ళు. పాలిష్ కాదు, మర్డ్‌స్టన్ అండ్ గ్రిన్‌బీ సారాయి గిడ్డంగిలో సీసాలు కడగడం. చోటు బ్లాక్‌ఫ్రయర్స్. జైలుకు వెళ్ళేది డేవిడ్ తండ్రి కాదు, అద్దెకున్న ఇంటి యజమాని మికాబర్. అదీ మార్షల్సీ కాదు, కింగ్స్ బెంచ్. తల్లి మీద కోపానికి నవలలో చోటే లేదు, డేవిడ్ తల్లి చాలా మెత్తనిది, ముందే చనిపోతుంది. తండ్రిని మికాబర్‌గా మార్చి నవ్వించాడు, తల్లిని అసలు ముట్టుకోలేదు. నాకైతే ఆ మౌనమే ఎక్కువ చెప్తుంది.

11వ అధ్యాయంలో కొన్ని పేరాలు తన ఆత్మకథ కోసం రాసుకుని వదిలేసిన కాగితాల నుంచి దాదాపు ఉన్నవున్నట్టు తెచ్చినవే. ఆ భాగానికి వేసుకున్న ప్రణాళిక కాగితం లండన్‌లో విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలో ఉంది. ప్రతి భాగానికీ అలాంటి కాగితం ఒకటి. అడ్డంగా పెట్టి మధ్యకు విడదీసి, ఎడమవైపు తనతో తను మాట్లాడుకునే ప్రశ్నలు, వాటి పక్కన ‘అవును’, ‘వద్దు’, ‘ఇప్పుడే కాదు’. కుడివైపు అధ్యాయాల పేర్లు, అందులో రావాల్సినవి. వేరే అధ్యాయాలకు ఏం జరగాలో రాసుకున్నవాడు ఈ అధ్యాయం దగ్గర రాసుకున్న ముక్క ‘నాకు బాగా తెలిసిన సంగతి’ అని. రాశాక ఫోర్‌స్టర్‌కు ఉత్తరంలో నిజాన్నీ కల్పననూ చిక్కగా కలనేత నేశానన్నాడు. ఆ నేత ఎవరికీ కనబడలేదు. పాలిష్ గిడ్డంగి సంగతి సొంత పిల్లలకే తెలియదు. ఆయన పోయాక 1872లో ఫోర్‌స్టర్ రాసిన జీవితచరిత్ర మొదటి సంపుటంలోనే అది బయటపడింది. కాబట్టి 1849 ఆగస్టు భాగం చదివినవాళ్ళకు అది ఉత్త కథ. మీరూ ఆ వారానికి జీవితచరిత్రను పక్కనపెట్టి చదవండి.

మిగతావి తొందరగా చెప్తాను. 38వ అధ్యాయంలో డేవిడ్ పదిన్నర షిల్లింగులు పెట్టి కొనే షార్ట్‌హ్యాండ్ పుస్తకం, ఆ గీతలతో పడే తిప్పలు డికెన్స్ స్వానుభవం, ఆయన నేర్చింది గర్నీ పద్ధతి. డేవిడ్ ప్రేమించే డోరాలో మరియా బీడ్‌నెల్ అనే డికెన్స్ తొలిప్రేమ పోలికలున్నాయి. డేవిడ్ కాపర్‌ఫీల్డ్ పేరులోని పొడి అక్షరాలు తన పేరువే తిరగేసినవని ఫోర్‌స్టర్ చెప్పేదాకా తనకే తట్టలేదట.

గోదారిగట్టు:

ఇంత వివరంగా రాసినందుకు అందరికీ ధన్యవాదాలండీ. రెండు చిన్న ప్రశ్నలు. డోరా ఏమవుతుందో ముందే అనుకుని రాశాడా? ఇది అయ్యాక గ్రేట్ ఎక్స్‌పెక్టేషన్స్ కూడా ఇలాగే చదవొచ్చా?

(ముగ్గురిలో ఒకరు కథ ఇంకా చదవలేదు, డోరా సంగతి కాస్త చాటుగా చెప్పండి.)

పాతపుస్తకాలబీరువా:

చాటుగానే చెప్తాను. 1850 మే 7న ఫోర్‌స్టర్‌కు రాసిన ఉత్తరంలో ‘డోరా విషయం ఇంకా తేల్చుకోలేదు, ఈరోజు తేల్చుకోక తప్పదు’ అన్నాడు. అప్పుడు చేతిలో ఉన్నది జూన్ భాగం, 41–43 అధ్యాయాలు. అంటే మూడింట రెండొంతులు అచ్చయ్యాక కూడా ఆ పాత్ర దారి ఖాయం కాలేదు. తేల్చుకున్నది ఏమిటో మీ 17వ వారంలో తెలుస్తుంది. ఆ వారం బొమ్మలు మాత్రం చదివాకే చూడండి, అచ్చుతప్పు గారి సలహాకు అదొక్కటే మినహాయింపు.

గ్రేట్ ఎక్స్‌పెక్టేషన్స్ కొలత వేరు. అది ఆయన సొంత వారపత్రిక ఆల్ ది ఇయర్ రౌండ్‌లో 1860 డిసెంబరు 1 నుంచి 1861 ఆగస్టు 3 దాకా 36 వారాలు నడిచింది. ఆ పత్రికలో అప్పటికి నడుస్తున్న వేరే రచయిత సీరియల్ పాఠకులకు పట్టక అమ్మకాలు పడిపోతుంటే, నెలవారీ నవలగా రాద్దామనుకున్నదాన్ని వారానికి కుదించి తనే దిగాడు. వారానికి ఒకటి రెండు అధ్యాయాలే, బొమ్మల్లేవు. మొదటి వారం 1, 2 అధ్యాయాలు. వారపు కొలతలో ఎంత ఇరుకో అంతకుముందు వారపత్రికకే రాసిన హార్డ్ టైమ్స్‌కు వేసుకున్న లెక్కలో ఉంది: వారానికి పత్రికలో అయిదు పేజీలు, తన రాతలో ఏడున్నర కాగితాలు. నెలవారీ భాగానికి 30 అని పైన చూశారు కదా, అందులో నాలుగో వంతు. మౌచర్ లాంటి పక్కపాత్రలు విహరించడానికి ఏడున్నర కాగితాల్లో చోటెక్కడిది? అందుకే ఆ నవల అంత బిగువుగా ఉంటుంది.

36 వారాలు ఓపిక లేకపోతే ఇంకో దారి ఉంది. 19వ అధ్యాయం చివర, 39వ అధ్యాయం చివర ‘ఇది మొదటి ఘట్టం ముగింపు’, ‘రెండో ఘట్టం ముగింపు’ అని డికెన్సే రాశాడు. మూడు విడతలుగా చదవండి. ముగింపు మాత్రం రెండున్నాయి. తోటి నవలా రచయిత బుల్వర్ లిటన్ చెప్పాడని ప్రూఫుల్లో మార్చేశాడు. మొదట రాసినది ఫోర్‌స్టర్ జీవితచరిత్ర మూడో సంపుటంతో 1874లో వెలుగు చూసింది. మంచి ప్రతుల్లో వెనక ఇస్తారు, అది ఉన్న ప్రతి కొనండి.

సశేషం_లేదు:

ఇండియాతో సంబంధం ఎవరూ చెప్పలేదు. రెండో కొడుకు వాల్టర్ 1857లో 16 ఏళ్ళకు కంపెనీ సైన్యంలో చేరి వచ్చి, 1863 డిసెంబరు 31న కలకత్తాలో చనిపోయాడు. కబురు లండన్ చేరేసరికి 1864 ఫిబ్రవరి 7, డికెన్స్ 52వ పుట్టినరోజు. అదే ఏడాది మేలో అవర్ మ్యూచువల్ ఫ్రెండ్ మొదటి భాగం వచ్చింది. 1857 తిరుగుబాటప్పుడు ఈ దేశపు జనాన్ని తుడిచిపెట్టాలని ఒక ఉత్తరంలో రాసిన మనిషి కూడా ఈయనే. పాలిష్ గిడ్డంగి పిల్లవాడి మీద జాలిపడేటప్పుడు అది కూడా తెలిసి ఉండటం మంచిది.

అచ్చుతప్పు:

మొదలుపెట్టే ముందు ఈ-బుక్ విషయంలో ఒక జాగ్రత్త. మీ ఫైలులో మొదటే రెండు ముందుమాటలు ఉంటాయి. ‘నా పుస్తకాలన్నిట్లో ఇదే ముద్దుబిడ్డ’ అని అందరూ చెప్పుకునే మాట రెండోదానిలోది, అది 1867లో వేసిన ఛార్లెస్ డికెన్స్ ఎడిషన్‌కు రాసినది. మొదటిది 1850 అక్టోబరుది. అయితే దాన్ని కూడా ఇప్పుడు చదవకండి. ముందుమాట, విషయసూచిక, పుస్తకం పేరున్న పేజీ, ముఖచిత్రం అన్నీ నవంబరు జంట భాగంతో ఆఖర్న వచ్చేవి. భాగాలు దాచుకున్నవాళ్ళు అప్పుడు కుట్లు విప్పి, ఆకుపచ్చ అట్టలూ ప్రకటనలూ తీసేసి, ఈ పేజీలను ముందు పెట్టి బైండుకు ఇచ్చేవారు. అంటే అప్పటి పాఠకుడికి ముందుమాట చిట్టచివర చదివేది. సంపాదకుల పరిచయ వ్యాసాలున్న ప్రతి అయితే వాటినీ చివరికే పెట్టండి, మొదటి పేజీలోనే ఎవరు పోతారో చెప్పేస్తారు.

మీ 19వ వారంలో 64వ అధ్యాయం అయ్యాక ఆ 1850 ముందుమాట తియ్యండి. అందులో చివరికొచ్చేసరికి, మళ్ళీ నెలకోసారి తన రెండు పచ్చని ఆకులు వేసే కాలం కోసం ఎదురుచూస్తున్నానంటాడు. పుస్తకంగా చదివినవాళ్ళు దాన్ని చెట్టు పోలిక అనుకుని దాటిపోతారు. ఆయన చెప్పేది అట్టల గురించి.